పండితుల గుంపులో మగ్దలీన సాక్ష్యం

మగ్దలీన టీచరుకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని టెక్కలిలో అందరికీ తెలుసు. పదో తరగతి పిల్లాడు పద్యాన్ని వార్తల్లా చదివినా వస్తుంది, స్టాఫ్ రూములో ఎవరైనా తెలుగు పీరియడును ఆటల పీరియడుగా మార్చమన్నా వస్తుంది. అవన్నీ సాయంత్రానికి చల్లారిపోయే కోపాలు. ఆవిడ జన్మంతా చల్లారనివ్వకుండా దాచుకున్న కోపం ఇంకొకటుంది. కొత్తవాళ్లు పరిచయమైతే ముందు పేరు అడుగుతారు, తరువాత బడిలో ఏం చెబుతారని అడుగుతారు. "తెలుగు" అని ఆవిడ చెప్పగానే కనుబొమలు పైకి లేస్తాయి.

"అలాగా! ఇంగ్లీషు అనుకున్నామండీ!"

"ఏం? మగ్దలీన అని పేరుంటే నోటికి ఉత్పలమాల పట్టదా?" అని అక్కడికక్కడే అడిగేసేది. అడిగించుకున్నవాళ్లు నవ్వేసి ఊరుకునేవాళ్లు. తప్పు చేసి నవ్వేసేవాళ్లను చూస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషి, సంధులూ సమాసాలూ నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, ప్రతి కొత్త ముఖం ముందూ పరీక్ష రాయాలా?

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసిన పైడయ్య కూతురావిడ. తల్లి చిన్నప్పుడే పోయింది. మిషను బడిలో ఒక తెలుగు అయ్యవారు పద్యం పాడితే విని, ఇంటికి వెళ్లి అన్నం మానేసి అదే పాడుకుంటూ కూర్చుందట. తరువాత ఓరియంటల్ కాలేజీలో చేరి సంస్కృతం, తెలుగు రెండూ చదివింది. ఆ తరగతిలో ఆదివారం ఆరాధనకు వెళ్లే పిల్ల ఆవిడొక్కతే. పెళ్లి మాట ఎత్తినవాళ్ల మీద కూడా కోపమే వచ్చేది కాబోలు, చేసుకోలేదు. బడి, చర్చి, పద్యం, ఈ మూడింటితోనే యాభై దాటాయి.

అలాంటి మనిషి ఇంటర్నెట్లో పడడం యువరాజు వల్ల జరిగింది. పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, బస్టాండు దగ్గర యువరాజుకు ఎస్టీడీ బూతు ఉండేది. ఫోన్లు ఇంటింటికీ వచ్చేశాక అందులోనే నాలుగు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటరు అని బోర్డు రాయించాడు. రెండువేల మూడులో, పదో తరగతి ఫలితాలు చూడడానికి మగ్దలీన టీచరు టెక్కలి నుంచి బస్సెక్కి పలాస వెళ్లింది. తన పిల్లలెవరూ తెలుగులో తప్పలేదు. ఆ సంతోషంలో ఆవిడ ఏదో పద్యం కూనిరాగం తీస్తుంటే యువరాజు విన్నాడు.

"మేడమ్, మీకు పద్యాలంటే అంత ఇట్టమైతే ఇందులో పద్యాలోళ్ల గుంపొకటుంది, సూత్తారేటి?" అన్నాడు.

చూసింది. చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. అది ఈ-మెయిలు గుంపు. హైదరాబాదు, తిరుపతి, బెంగళూరు, ఇంకా దూరదేశాల వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఎక్కడో ఒక ఇంటి అటక మీద దొరికిన తాటాకుల కావ్యం ఒకటి వాళ్లు కలిసి చదువుతున్నారు. మొదటి ఆకు పోవడంతో కావ్యం పేరూ, కవి పేరూ కూడా పోయాయి. ప్రతి సోమవారం ఒక పద్యం అందరికీ వస్తుంది. ఎవరికి తోచిన ప్రతిపదార్థం వాళ్లు రాస్తారు, దెబ్బలాడుకుంటారు, వారం చివర నిర్వాహకుడు అన్నీ కలిపి ఒక అర్థం స్థిరం చేస్తాడు. ఆ నిర్వాహకుడు జగన్నాథరావుగారు, విశాఖపట్నంలో రిటైరైన ప్రొఫెసరు. ఆయన రాసే ప్రతి ఉత్తరం కింద ఒకే మాట ఉండేది: పద్యం దగ్గర అందరం విద్యార్థులమే.

ఆ మాటకు పడిపోయింది మగ్దలీన టీచరు. బతుకులో మొదటిసారి తనకోసం ఎవరో తలుపు తీసి పెట్టినట్టు అనిపించిందని తరువాత తనే చెప్పుకుంది. అక్కడ ముఖం కనబడదు, కనుబొమలు కనబడవు. పద్యమొక్కటే కనబడుతుంది. ఒక్క పద్యానికైనా తన అర్థం, తన పేరుతో, ఆ గుంపులో నిలబడాలి. అంతకుమించి ఆవిడకు ఏమీ అక్కర్లేదు.

కొత్త సభ్యులు తమను పరిచయం చేసుకోవాలని నియమం ఉంది. ఇక్కడే వచ్చింది చిక్కు. బాప్టిస్టుల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒక సంఘంలో చేరడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ తెలుసు. బాప్తిస్మం కావాలన్న మనిషి సంఘమంతటి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఎవరింటి బిడ్డ, ఎలా బతికింది, ఎప్పుడు మనసు మారింది, ఇప్పుడేం కోరుతోంది, ఏదీ దాచకుండా చెప్పాలి. విన్నాక సంఘం చేతులెత్తుతుంది. చేతులు లేస్తేనే చేరినట్టు. మగ్దలీన పదహారేళ్లప్పుడు వణుకుతూ అలా నిలబడింది. ఇప్పుడు పండితుల ముందు కూడా అలాగే నిలబడాలనుకుంది. పరిచయం అంటే అదే కదా మరి!

తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం యువరాజు దగ్గర నేర్చుకుంది. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక వచ్చి, జీడిపప్పు ఫ్యాక్టరీల పొగ వాసన కిటికీలోంచి ముక్కుకు కొడుతుంటే, చీకటి పడేలోగా మొత్తం రాసేసింది.

"సభ్యులందరికీ వందనాలు. దేవునికి స్తోత్రం. నేను నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసిన పైడయ్య కూతుర్ని. నా పేరు మగ్దలీన" అని మొదలుపెట్టి, తల్లి పోవడం, అయ్యవారు పాడిన పద్యం, ఆ రోజు తను మారిపోయిన తీరు, కాలేజీలో పడ్డ కష్టం, అన్నీ రాసింది. ఈ చదువు దేవుడు తనకిచ్చిన వరమని రాసింది. చివర, "నన్ను చేర్చుకోవడం ఇష్టమైనవారు చేతులెత్తండి" అని కూడా రాసింది.

మరుసటి శనివారం వచ్చి చూస్తే ఎవరూ చేతులెత్తలేదు. జగన్నాథరావుగారి ప్రకటన ఒకటి ఉంది, అందరికీ కనబడేలా.

"ఈ బృందం ప్రాచీన గ్రంథాల పఠనానికి ఏర్పడినది. మతప్రచారానికి వేదిక కాదు. ఇటీవల చేరిన సభ్యురాలి ఉత్తరాలు ఇకపై నా పరిశీలన తరువాతే బృందానికి చేరతాయి. పద్యం దగ్గర అందరం విద్యార్థులమే."

మగ్దలీన టీచరు ఆ ప్రకటనను మళ్లీ మళ్లీ చదివింది. మెడ దాకా ఎర్రబడింది.

"యువరాజూ, నేను ప్రచారం చేశానా? ఎవర్నైనా మతంలోకి రమ్మన్నానా?" అంది.

"మీరు మీ అయ్య గురించి రాసేరు మేడమ్. నాను సూసేను కదా" అన్నాడు యువరాజు.

అదే కదా! ఉప్పు మడుల్లో కాళ్లు పుండ్లు చేసుకున్న తండ్రి సంగతి చెబితే అది మతప్రచారమెలా అవుతుంది? తలవంచి నిలబడి, ఉన్నదంతా విప్పి చెప్పుకున్న మనిషికి ఇదా మర్యాద? ఆదివారం ఆరాధనలో కూర్చున్నా కోపం తగ్గలేదు. పక్కనున్న అనితకు జరిగింది జరిగినట్టు చెప్పేసింది. అనిత పాస్టరు యేసుదాసుగారి భార్య. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో!

తరువాతి ఆదివారం యేసుదాసుగారు బల్ల దగ్గర నిలబడి కళ్లు మూసుకున్నారు. "మన సహోదరి మగ్దలీనమ్మగారు గొప్ప గొప్ప పండితుల మధ్య ధైర్యముగా ప్రభువును గూర్చి సాక్ష్యమిచ్చి, నింద పొందియున్నారు. ఆమె చేయుచున్న సేవ కొరకు ప్రార్థన చేద్దాం" అన్నారు.

ఆమెన్లు మొదలయ్యేలోపే మగ్దలీన టీచరు లేచి నిలబడింది. కోపం నెత్తికెక్కితే ఆవిడకు పుస్తకాల భాష పోయి నౌపడ భాష వచ్చేస్తుంది.

"అయ్యగారూ, ఆగండాగండి. నానక్కడికి సేవకి ఎల్లలేదు. పద్యం సదువుకుందామని ఎల్లేను. ఆలు ప్రచారమన్నారు, మీరూ ప్రచారమే అంటన్నారు. ఇంక ఆలకీ మీకూ తేడా ఏటుంది? నా మాట నా మాటలాగ ఇనీవోలు ఒక్కలూ లేరేటి ఈ లోకంలో?"

యేసుదాసుగారు మంచివారే, తెల్లబోయి ఆ పూటకు ప్రార్థన అనారోగ్యంతో ఉన్నవారి మీదికి మళ్లించారు. కానీ బయట చెప్పుల దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆవిడ చెయ్యి పట్టుకుని, "మిమ్మల్ని మీరు తగ్గించుకుంటున్నారమ్మా, సేవే అది" అన్నారు. ఏం చెబుతాం ఇలాంటివాళ్లకు?

ఆ వారం పలాస వెళ్లి, సోమవారం పద్యానికి తన అర్థం పంపి, కొత్త పని మొదలుపెట్టింది. గుంపులో మిగతా సభ్యులు చేరినప్పుడు రాసుకున్న పరిచయాలన్నీ అక్కడే భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచింది. ఒకాయన తమ వంశం ఏ ఋషి దగ్గర మొదలైందో రాసుకున్నాడు. మరొకాయన ఇలవేల్పు స్వామి కృపతోనే తన నోట పద్యం పలికిందన్నాడు. జగన్నాథరావుగారి పరిచయమైతే దేవుడి మీద శ్లోకంతోనే మొదలైంది. తాతగారి నిత్యపూజ, ఆ పూజగదిలో విన్న మొదటి శ్లోకం, ఆ రోజు తన జీవితం మలుపు తిరిగిన వైనం, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే మగ్దలీన టీచరుకు మొదట ముచ్చటేసింది. నిజంగా బాగా రాశాడు. తరువాత తన పరిచయం కూడా తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

వెంటనే ఆయనకు రాసింది. "అయ్యా, మీ తాతగారి పూజగది సంగతి చదివాను. చాలా బాగుంది. మీకు పూజగదిలో జరిగినదే నాకు మిషను బడిలో జరిగింది. మీ దేవుణ్ణి మీరు తలుచుకుంటే పరిచయం, నా దేవుణ్ణి నేను తలుచుకుంటే ప్రచారం. ఈ తేడా ఏ వ్యాకరణంలో ఉందో దయచేసి చెప్పండి. ఈ ఉత్తరం గుంపులో అందరికీ చూపించండి."

అందరికీ చూపించలేదు. ఆవిడకు ఒక్కదానికే జవాబు రాశాడు. అందులో ఒక్క కటువైన మాట లేదు, అదే అన్నిటికన్నా బాధ. "అమ్మా, మీ పాండిత్యం మీద నాకు గౌరవముంది. ఈ వారం పద్యానికి మీరు పంపిన అర్థం బాగుంది. కాని సభ్యుల్లో కొందరికి మీ పేరు చూడగానే ఇబ్బందిగా ఉంటోంది. చిన్న ఉపాయం చెబుతాను. శారద అనో, భారతి అనో కలం పేరు పెట్టుకోండి. సాహిత్యంలో కలం పేర్లు మామూలే కదా. అప్పుడు మీ ఉత్తరాలు నేరుగా బృందానికి వెళ్లేలా చేస్తాను."

మగ్దలీన టీచరు కంప్యూటరు ముందు నుంచి లేచి బయటికొచ్చి నిలబడింది. యువరాజు సోడా తెప్పిస్తే తాగలేదు.

ఇలాంటి ఉపాయం ఆవిడ ఇదివరకే ఒకసారి విన్నది. టెక్కలి హైస్కూల్లో చేర్పించడానికి తండ్రి వేలు పట్టుకుని వచ్చిన రోజది. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, మేలు చేద్దామనే చూశాడు. "పైడయ్యా, నీ పేరు పైడయ్యే కాబట్టి ఇబ్బంది లేదు. పిల్ల పేరు గౌరి అని రాస్తాను. హిందూ పేరుంటే హాస్టల్లో సీటొస్తుంది, స్కాలర్‌షిప్పొస్తుంది. ఇంట్లో మీరు ఏమని పిలుచుకుంటే మాకెందుకు?" అన్నాడు. పైడయ్య గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. ఉప్పునీళ్లకు పగిలిన కాళ్లతో లోపలికొస్తే గచ్చు మీద మరకలవుతాయని రాలేదు.

"ఇంటికాడ ఒక పేరు, బడికాడ ఒక పేరైతే పిల్ల దేనికి పలకాల సారూ?" అన్నాడు.

హెడ్మాస్టరు రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. మగ్దలీన అనే రాశారు. హాస్టలు సీటు రాలేదు. ఆవిడ చదువైనన్నాళ్లూ నౌపడ నుంచి ప్యాసింజరు బండిలో బడికెళ్లి వచ్చింది. తండ్రి మడుల్లో పని అయ్యాక రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాలు మోశాడు. నడుం విరిగేలా మోశాడు. అలా మోసి నిలబెట్టిన పేరు ఇప్పుడెవరో కొందరికి ఇబ్బందిగా ఉందని తీసి పక్కన పెట్టాలా! ఇబ్బంది పడేవాళ్లు కళ్లు మూసుకోవచ్చు కదా, ఈవిడ పేరెందుకు మూసుకోవాలి?

లోపలికెళ్లి ఒక్క వాక్యం రాసింది. "నా పేరు మగ్దలీన, ఇంకో పేరుకు పలకను."

అయినా గుంపు మానలేదు. ప్రతి సోమవారం పద్యానికీ శనివారం అర్థం పంపుతూనే ఉంది, కింద నిండు పేరు రాస్తూనే ఉంది. ఒకసారి పడవరేవులో ఎదురుచూస్తున్న మనిషి మీద పద్యమొచ్చింది. అందులో మాట్లాడేది ప్రియుడని అందరూ రాశారు. మగ్దలీన టీచరు మాత్రం అది తల్లి మాట అంది, తను ఎందుకలా అనుకుంటోందో విడమరిచి చెప్పింది. ఆ వారం చివర జగన్నాథరావుగారు అర్థం స్థిరం చేస్తూ, "ఇవి తల్లి మాటలు కావచ్చునని ఒక సభ్యురాలు సూచించారు. ఆలోచించదగ్గదే" అని రాశాడు.

ఒక సభ్యురాలు! ఆ పద్యం ఎవరి గొంతో కనిపెట్టిన మనిషికి పేరు లేదు! కింద మళ్లీ ఆ వాక్యం మాత్రం ఉంది, అందరం విద్యార్థులమేనని. తెలియక చేసిన తప్పును క్షమించవచ్చు. మంచిదని తెలిసి, వాడుకుని, పేరు తుడిచేసినదాన్ని ఏమనాలి? దొంగతనమనే అంటుంది మగ్దలీన టీచరు. ఈ కథ చెబుతున్నవాళ్లు కూడా అదే అంటారు.

ఆ రోజే ఆవిడకు రాజమండ్రి నుంచి ఒక ఉత్తరమొచ్చింది. రాసింది కామాక్షమ్మగారు, లైబ్రేరియనుగా పనిచేసి మానుకున్న పెద్దావిడ, గుంపులో మొదటి నుంచీ ఉన్న మనిషి. "ఆ సభ్యురాలు మీరేనని నాకు తెలుసు. మీ పరిచయం చదివిన రోజే ఇంట్లో నేను చేయెత్తాను. గుంపులో ఎత్తే ధైర్యం లేకపోయింది. సిగ్గుగా ఉంది" అని ఉంది.

మగ్దలీన టీచరు ఆ ఉత్తరాన్ని యువరాజుకు చదివి వినిపించింది. వినిపిస్తూ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తరువాత, "గుంపు పెట్టడం ఎలాగో చూపించు" అంది.

అలా మొదలైంది ఆవిడ గుంపు. కాశీబుగ్గ బస్టాండు పక్కన, ఎస్టీడీ బూతులో. అదే కావ్యాన్ని మొదటి పద్యం నుంచి మళ్లీ ఎత్తుకున్నారు, ఆ తాటాకుల ఫొటోలు ఇంటర్నెట్లో ఎవరైనా చూసుకోవచ్చు కాబట్టి. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. చేరేవాళ్లు అసలు పేరుతో రావాలి, ఉన్నదంతా చెప్పుకోవాలి, ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవచ్చు, దేవుడే లేడనేవాళ్లు అదే రాయవచ్చు. చదివాక సభ్యులు "చేయెత్తాను" అని రాస్తారు. మొదటి చెయ్యి ఎప్పుడూ కామాక్షమ్మగారిదే. ఏడాది తిరిగేసరికి పాత గుంపులోంచి సగం మంది ఇటొచ్చారు. పాత గుంపులో ఉత్తరాలు పలచబడిపోయాయి.

అప్పుడొచ్చింది ఆ దరఖాస్తు. పేరు దగ్గర "సాహితీమిత్ర" అని ఉంది. ఊరు లేదు. ఎందుకు చేరదలచారంటే, "నాకు తోడుగా చదివేవారు కరువయ్యారు. పద్యం దగ్గర అందరం విద్యార్థులమే కదా" అని ఉంది.

మగ్దలీన టీచరు ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ఎవరో ఇక అడగాలా! ఆవిడ పేరును తీసెయ్యమన్న మనిషి, ఇప్పుడు తన పేరే తీసేసుకుని వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. అంత సులువా ఆయనకు పేరు వదులుకోవడం?

"రానీకండి మేడమ్. ఒగ్గీయండి" అన్నాడు యువరాజు.

కామాక్షమ్మగారు కూడా వద్దనే రాశారు. మగ్దలీన టీచరు ఇద్దరి మాటా వినలేదు, అలాగని చేర్చుకోనూ లేదు. తండ్రి అడిగిన ప్రశ్నే అడిగింది. "అయ్యా, మిమ్మల్ని ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు?"

జవాబు ఇక రాదనుకున్నాక ఒక శనివారం వచ్చింది. శ్లోకం లేదు, ప్రొఫెసరన్న మాట లేదు, తాతగారు లేరు. ఒక్క ముక్క ఉంది: జగన్నాథరావు.

యువరాజు మొహం వెలిగిపోయింది. "దారికొచ్చీసినాడు మేడమ్! మీరు గెలిసీసినట్టే!" అన్నాడు.

ఆవిడ మొహం మాత్రం మళ్లీ ఎర్రబడింది. "ఏటి గెలవడం? అంత మనిషి ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎలాగ? ఆ పూజగదేటైపోనాది? ఆ తాతేటైపోనాడు? నా కాడ దాసీవలిసిన అవసరం ఏటొచ్చిందంట ఆయనకి?" అంటూ కీబోర్డు ముందుకు లాక్కుంది.

"జగన్నాథరావుగారికి వందనాలు. మీ పేరు అందింది. మా గుంపులో పేరొక్కటే చాలదు. మీ తాతగారి దగ్గర మొదలుపెట్టి మొత్తం రాయండి, మీ శ్లోకంతో సహా. ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యను. అందరం చదివాక చేతులెత్తుతాం. ఇట్లు, నౌపడ పైడయ్య కూతురు మగ్దలీన."